లేని పిడికిలి

ఆ వానాకాలమంతా మా ఇంట్లో కత్తెర ఎక్కడుందో నాకొక్కదానికే తెలుసు. పిండి డబ్బాలో ఒకరోజు, పాత దుప్పట్ల మధ్య ఒకరోజు, కుట్టు మిషను కింద గుడ్డపేలికల మూటలో ఒకరోజు. స్కూలు యూనిఫాంలు కుట్టి బతికే మనిషిని నేను. కత్తెర లేకపోతే పూట గడవదు. అయినా గుడ్డ కత్తిరించడం అవగానే దాన్ని చేతిగుడ్డలో చుట్టుకుని లేచి, ఎవరూ చూడకుండా ఎక్కడో ఒకచోట దాచి వచ్చేదాన్ని. ఒక్కోసారి ఎక్కడ పెట్టానో నేనే మరిచిపోయి, సగం కత్తిరించిన చొక్కా ముందు వెర్రిమొహం వేసుకుని కూర్చునేదాన్ని.

మా ఆయన కుడిచేయి మణికట్టు పైదాకా పోయింది. కలప కోసే మిల్లులో, రంపం కింద, ఎండాకాలం చివర్లో. పుండు మానింది. కుట్లు విప్పారు. చుట్టుపక్కలవాళ్ళు ప్రాణం దక్కింది, అంతే చాలన్నారు. మేమూ గండం గడిచిందనే అనుకున్నాం. సరిగ్గా అప్పుడే, లేని చేయి నొప్పి పెట్టడం మొదలైంది.

చేయే లేదు కదా, నొప్పేమిటి అని ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. కానీ ఆయన చెప్పేది వేరు. చేయి పోలేదట. అక్కడే ఉందట. పిడికిలి బిగుసుకుపోయి ఉందట. గోళ్ళు అరచేతిలోకి దిగబడుతున్నాయట. "కాస్త ఆ వేళ్ళు విప్పవే" అని మొండిచేతిని నా ఒళ్ళో పెట్టేవాడు. ఏ వేళ్ళు విప్పను? అయినా గాలిలో ఏదో విప్పుతున్నట్టు నటించేదాన్ని. "అట్లా కాదు, బొటనవేలు ముందు" అని కసిరేవాడు. నేను మళ్ళీ బొటనవేలు నుంచి మొదలుపెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం స్కూల్లో బట్టలిచ్చి వచ్చేసరికి మిషను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేతిలో నా పెద్ద కత్తెర. దాని మొన మొండిచేతి చివర ఆనించి, ఎక్కడ దింపాలా అని చూసుకుంటున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"లోపలుంది" అన్నాడు తలెత్తకుండా. "పిడికిలి లోపల ఇరుక్కుంది. కొంచెం చీరితే బయటికొస్తుంది. తర్వాత నేనే విప్పుకుంటాలే, నీకెందుకు శ్రమ."

చొక్కా గుండీ ఊడిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. అరిచినా ఏడ్చినా ఇంత భయపడేదాన్ని కాదు. మెల్లగా దగ్గరికెళ్ళి, బతిమాలి, కత్తెర తీసుకున్నాను. ఆ రోజంతా సూదిలోకి దారం ఎక్కించలేకపోయాను.

వానలు పడుతున్నాయి కదా, చెమ్మకి నరాలు లాగుతున్నాయి, అంతే అని అందరూ తేల్చారు. ఆయన కూడా ఆ మాట పట్టుకున్నాడు. "సరే. వానలు వెలిసేదాకా ఓర్చుకుంటా. అప్పటికీ ఇట్లాగే ఉంటే నన్నిక ఆపొద్దు" అన్నాడు.

"ఆపొద్దంటే?"

"ఆపొద్దంటే ఆపొద్దు. అంతకన్నా విడమర్చి చెప్పించకు."

నేను చెప్పించలేదు. స్నానాలగది గడియకున్న మేకులు ఊడబెరికి, అదే ఊడిపోయిందని చెప్పాను. ఆయన పెరట్లోకి వెళ్తే ఏదో ఒక పని మీద నేనూ పెరట్లోకి వెళ్ళేదాన్ని. గుమ్మంలో నిలబడితే నేను కిటికీ దగ్గర. "నీడలా తిరుగుతావేమే" అని విసుక్కునేవాడు. మా అత్తయ్యేమో కొడుకూ కోడలూ ఇన్నేళ్ళకి ఒకరినొకరు వదలడంలేదని మురిసిపోయేది. ఆవిడకి నేనేం చెప్పలేదు. ఆరని బట్టలు పట్టుకుని ఆవిడ వానని తిడుతుంటే, నేను లోపల్లోపల ఇంకో నాలుగు వారాలు కురవమని మొక్కుకునేదాన్ని. ఉరుము వినబడితే ప్రాణం కుదుటపడేది. మబ్బు కాస్త విడితే వెళ్ళి కత్తెర చోటు మార్చేదాన్ని.

చేతికి ఆపరేషను చేసిన డాక్టరు ఇక తన చేతిలో ఏం లేదన్నాడు. మోచేతిదాకా తీసేయమని మా ఆయన బతిమాలితే, తీసినా పిడికిలి అక్కడే ఉంటుందని చెప్పి, అదే ఆసుపత్రిలో ఉన్న మత్తు డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు ఆవిడ. మందులకి లొంగని నొప్పుల్ని మాటలతో తగ్గిస్తుందని చెప్పారు. దాన్ని హిప్నాటిజం అంటారట.

అత్తయ్య వినగానే గయ్యిమంది. "గొలుసు ఊపి మనిషిని కోతిలా ఆడిస్తారే, అదేనా? నా కొడుకు ఇప్పటికే సగమయ్యాడు. మిగిలిన సగం కూడా ఎవరి చేతిలోనో పెట్టి రమ్మంటావా?"

"మీరొద్దంటే మానేస్తాను. రేపట్నుంచి మీరు పట్టుకుని కూర్చోండి ఆయన్ని" అన్నాను. అంత పెడసరంగా ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ నా మొహంలోకి చూసి, ఏం కనిపించిందో ఏమో, గొడుగు తెచ్చి నా చేతిలో పెట్టింది.

డాక్టరమ్మ గది వరండా చివర, దుప్పట్లు పెట్టే గది పక్కన ఉంది. రెండు కుర్చీలు, ఒక బల్ల, కిర్రుమనే ఫ్యాను. గొలుసూ లేదు, గడియారమూ లేదు. ఆవిడకి జలుబు చేసి గొంతు బొంగురు పోయి ఉంది. ఈ గొంతుతో ఎవరు మత్తులో పడతారు అనుకున్నాను.

"నేను మిమ్మల్ని నిద్రపుచ్చను" అంది మా ఆయనతో. "మీకిష్టం లేని పని చేయించలేను. వద్దనిపిస్తే కళ్ళు తెరిచి లేచి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను. నొప్పి ఉత్తిదే అని కూడా అనను. నొప్పి నిజమే. చేయి పోయింది గానీ, ఆ చేతి సంగతి చూసుకునే మెదడు అక్కడే ఉంది కదండీ. దానికింకా కబురందలేదు."

మా ఆయన మొదటిసారి ఒక డాక్టరు వైపు సూటిగా చూశాడు. "మీకు అర్థమైంది" అన్నాడు.

ఎడమచేతితో మొదలుపెట్టింది. చలికాలం పొద్దున్నే తొట్టిలో నీళ్ళు ఎట్లా ఉంటాయో చెప్పమంది. ఆయన చెప్తుంటే తనూ అందుకుని, ఆ నీళ్ళలో చేయి ముంచమంది. వేళ్ళు చల్లబడుతున్నాయి, మొద్దుబారుతున్నాయి అంటూ చెప్పిందే చెప్పింది. మా ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. దవడ జారింది. మొహంలో రంగు మారి, ఎవరూ లేని ఇల్లులా అయిపోయింది. మిల్లు నుంచి బండి మీద తెచ్చినప్పుడు సరిగ్గా ఇదే మొహం. నేను ఆగలేక ఆయన మోకాలు పట్టుకుని కుదిపాను. "ఏమండీ! ఏమండీ!"

డాక్టరమ్మ నన్ను కసరలేదు. "వింటున్నారా అండీ?" అని ఆయన్నే అడిగింది.

"వింటున్నా" అన్నాడు. గొంతు నా మొగుడిదే. కానీ పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టుంది.

తర్వాత ఆ చల్లదనాన్ని ఎడమచేతిలోంచి లేని కుడిచేతిలోకి మళ్ళించింది. అరచేతిలో గోళ్ళు దిగే చోట మొద్దుబారిందా అని అడిగితే ఆయన అవునన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఒళ్ళెరగకుండా పడుకున్నాడు. సంతోషపడాల్సినదాన్ని, పక్కన కూర్చుని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. మనిషి తిరిగి రాకపోతే ఎట్లా అన్న భయం అప్పట్నుంచి కొత్తగా పట్టుకుంది.

అట్లా కొన్ని వారాలు తిరిగాం. ఇంట్లో ఎట్లా చేసుకోవాలో కూడా నేర్పింది. చల్లనీళ్ళ ఊహ వచ్చినప్పుడు గోళ్ళ పోటు తగ్గేది, పోగానే మళ్ళీ మొదలయ్యేది. పిడికిలి మాత్రం విడలేదు. ఆయన మొహంలో మళ్ళీ ఆ మామూలుతనం కనబడసాగింది, కత్తెర రోజు కనిపించిందే. వానలు పలచబడుతున్నాయి.

ఒకరోజు డాక్టరమ్మ నేరుగా పిడికిలి దగ్గరికే వెళ్ళింది. "వేళ్ళు అలిసిపోయాయి. ఇక పట్టుకోనక్కర్లేదు. మెల్లగా వదిలేయండి" అంది.

"వదలకూడదు" అన్నాడు కళ్ళు మూసుకునే.

"ఎందుకండీ?"

"కేక రాలేదు."

ఆయన కుడిభుజం ముందుకు వంగింది. కుర్చీలో కూర్చునే దేన్నో నెడుతున్నట్టు మెడనరాలు ఉబ్బాయి. "కేక రాలేదు. వదిలితే వాడికి తగుల్తుంది."

డాక్టరమ్మ అక్కడితో ఆపేసి, జాగ్రత్తగా ఆయన్ని వెనక్కి తెచ్చింది. ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి వచ్చాక, కేక ఏమిటని నన్నడిగింది.

నాకు తెలుసు. క్యారియరు ఇవ్వడానికి వెళ్ళి ఎన్నోసార్లు చూశాను. రంపానికి ఇటు మా ఆయన, అటు ఆయన తమ్ముడు, మా మరిది. ఈయన దుంగని నెడతాడు, వాడు లాగుతాడు. దుంగ చివర రంపం దగ్గరికొచ్చేసరికి బరువంతా వాడు తన చేతుల్లోకి తీసుకుని "వదులన్నా!" అని కేకేస్తాడు. ఆ కేక వినకుండా ఇటువైపు మనిషి వదలడానికి వీల్లేదు. ముందే వదిలితే దుంగ ఎగిరి అవతలి మనిషిని కొడుతుంది. ఆ రోజు కేక రాలేదు. ఈయన వదల్లేదు. అంతవరకే మాకు తెలుసు.

డాక్టరమ్మ రాసుకోవడం మానేసి వింది. "అంటే ఇన్నాళ్ళూ ఆయన పట్టుకునే ఉన్నారన్నమాట" అంది.

"ఆ కేకేదో నేనే వేసేస్తే?" అన్నాను.

మరుసటి రోజు వేసి చూశాను కూడా. ఆయన కళ్ళు మూసుకుని ఉండగా, "వదలండీ" అన్నాను. "నువ్వూరుకోవే" అన్నాడు మత్తులోంచే. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

డాక్టరమ్మ నవ్వలేదు. "మీ మరిదిని తీసుకురావచ్చు. కానీ ముందు మెలకువలో ఆయన్ని అడగండి. ఆయన సరేనంటేనే. ఆ రోజంతా మళ్ళీ కళ్ళముందుకి రావచ్చు. నొప్పి పెరిగినా పెరగొచ్చు. విడుతుందని నేను మాటివ్వలేను" అంది. ఆవిడ కూడా భయపడుతోందని నాకర్థమైంది.

అడిగాను. "వాడొస్తాడా?" అన్నాడు.

"ఎందుకు రాడు?"

"ఈ మొండిచేయి చూడలేకే కదా, వాడు నా ఎదటపడటం మానేశాడు."

మా మరిది అదే ఇంట్లో, పెరటి గదిలో ఉంటాడు. మిల్లు మానేసి లారీలకి సరుకెత్తుతున్నాడు. వెనక తలుపులోంచి వచ్చి, వంటింట్లో నిలబడి తిని, అట్నుంచటే పోయేవాడు. అన్నకి తన మీద కోపమని వాడనుకున్నాడు. తమ్ముడికి తనని చూస్తే అసహ్యమని ఈయన అనుకున్నాడు. వాళ్ళ మధ్య ఉన్నది పెరటి గది గోడొక్కటే అని నేననుకున్నాను.

పెరట్లోకి వెళ్ళి సంగతంతా చెప్పాను. వాడు బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. "నేను రాను వదినా."

"ఒక్క కేక. ఎన్ని వేల కేకలేశావు నువ్వు!"

"వెయ్యాల్సింది వెయ్యలేదుగా." బూటు లేసు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. "ఆ రోజు ఏమైందో ఎవరూ నన్నడగలేదు. తాగున్నానని కొందరు, ఎవడితోనో కబుర్లలో పడ్డానని కొందరు. నిజంగా తాగున్నా బావుండేది వదినా. తిట్టుకోడానికి ఏదో ఒకటి ఉండేది."

"మరేమైంది?"

"కంట్లో పొట్టు పడింది. రంపపు పొట్టు. తుడుచుకున్నా. అంతే."

"ఈ మాట మీ అన్నకి చెప్పావా?"

"ఏమని చెప్పను? నేను కన్ను తుడుచుకునేలోపు నీ చేయి పోయిందన్నా అని చెప్పనా?"

అప్పుడిక దాచలేక కత్తెర సంగతి చెప్పాను. స్నానాలగది గడియ సంగతి చెప్పాను. వానలు వెలిసేదాకా అన్న మాట కూడా చెప్పాను. చెప్పేకొద్దీ నా గొంతు లేచింది.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం వదినా?"

"చెప్తే నిజమైపోతుందేమోనని" అన్నాను. వాడు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. నేను లేచి ఇంట్లోకి వచ్చేదాకా ఒక బూటుతో అట్లాగే కూర్చుని ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత కళ్ళు తెరిచేసరికి గదిలో ఎండ. అత్తయ్య పెరట్లో తీగల నిండా బట్టలు ఆరేసి, ఎన్నాళ్ళకి తల్లీ అని మురిసిపోతోంది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎడమచేత్తోనే గడ్డం గీసుకున్నాడు. కత్తెర దాచినదాన్ని, ఆ బ్లేడుని నేనెట్లా మరిచిపోయాను!

"వెలిసింది" అన్నాడు.

"ఇవాళ డాక్టరమ్మ రమ్మంది."

"పోదాం పద. ఇదొక్కటీ చూసేద్దాం" అన్నాడు తేలిగ్గా. ఆ తేలికదనం నాకు నచ్చలేదు. పెరటి గదికి పరిగెత్తాను. మంచం ఖాళీగా ఉంది. వాడు పొద్దున్నే వెళ్ళిపోయాడని అత్తయ్య చెప్పింది. దారిపొడవునా మా ఆయన చొక్కా అంచు పట్టుకునే నడిచాను. రోడ్డు దాటేటప్పుడు లారీ వస్తే, రెండు చేతులతో పట్టుకున్నాను.

మరిది ఆసుపత్రిలోనూ లేడు. డాక్టరమ్మ తలుపు వైపోసారి, నా వైపోసారి చూసి, మొదలుపెట్టింది. చల్లనీళ్ళు. మొద్దుబారిన వేళ్ళు. ఎవరూ లేని ఇల్లులాంటి ఆ మొహం. అప్పుడు తలుపు కొద్దిగా తెరుచుకుంది. మరిది లోపలికొచ్చి గోడకి అంటుకుపోయాడు. పొద్దున్నించీ ఆసుపత్రి చుట్టూనే తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీరు మిల్లులో ఉన్నారు. మీకేం కాదు, నేనిక్కడే ఉన్నాను. దుంగ ఎక్కడుంది?"

"సగం అయింది" అన్నాడు మా ఆయన. భుజం ముందుకెళ్ళింది. "దగ్గరికొస్తోంది."

ఆవిడ మరిదికి చెయ్యెత్తి సైగ చేసింది. వాడి పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. మా ఆయన నుదుటి మీంచి చెమట కారుతోంది. "దగ్గరికొచ్చేసింది" అన్నాడు. ఊపిరి ఎగపోస్తోంది. మొండిచేయి గాలిని నెడుతోంది. ఆ రోజు మిల్లులో నేను లేను. ఇప్పుడు నా కళ్ళముందే జరగబోతోందని, ఈసారి చేతితో పోదని అనిపించింది.

"ఇక చాలు, నేను వెనక్కి తెచ్చేస్తాను" అని డాక్టరమ్మ లేచింది.

మరిది వీపు మీద నా బలమంతా పెట్టి ఒక్క తోపు తోశాను. "మిల్లులో వేసినట్టు వెయ్యరా!"

"వదులన్నా!"

ఆ గదికి ఆ కేక పట్టలేదు. పక్కగదిలో ఎవరో దుప్పట్ల కట్ట కింద పడేశారు. నర్సు పరిగెత్తుకొచ్చి తలుపు తోసింది. మరిది ఆపలేదు. "పట్టుకున్నా అన్నా! బరువు నాకొచ్చింది! వదులన్నా, వదులు!"

మా ఆయన భుజం కిందికి జారింది. మొండిచేయి ఒళ్ళో పడింది. ఆయన గుండె వైపే చూస్తూ నిలబడ్డాను. చొక్కా గుండీల దగ్గర పైకి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది.

"చేయి ఎట్లా ఉందండీ?" అంది డాక్టరమ్మ.

"చాపుకుని ఉంది" అన్నాడు. "తిమ్మిరెక్కింది."

ఆ పిడికిలి మళ్ళీ ముడుచుకోలేదంటే అబద్ధమవుతుంది. మబ్బుపట్టిన రోజుల్లో ముడుచుకునేది. పెరట్లోంచి మరిది ఒక కేకేస్తే కాసేపటికి విడేది. పోనుపోను ఆ కేక కూడా అక్కర్లేకుండా ఆయనే విప్పుకోవడం నేర్చుకున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ దాంతో బతకొచ్చు అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలు. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ గదిలో నిలబడ్డప్పుడు నాకవేమీ తెలీవు. ఆయన కళ్ళు తెరిచి తమ్ముణ్ణి చూస్తే ఏమంటాడో, చూడకుండా లేచి వెళ్ళిపోతాడేమో, అదొక్కటే భయం.

డాక్టరమ్మ మెల్లగా అంకెలు లెక్కపెడుతూ ఆయన్ని వెనక్కి తెచ్చింది. ఆయన కళ్ళు తెరిచాడు. నన్ను చూడలేదు, ఆవిణ్ణీ చూడలేదు. గది మధ్యలో, కేకేసిన చోటే, చేతులు వేలాడేసుకుని నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు. ఎర్రబడ్డ వాడి కళ్ళని చూశాడు.

"ఒరేయ్, కంట్లో పొట్టు పోయిందా?" అన్నాడు.

ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. వాడూ చెప్పలేదు. మరిది నావైపు తిరిగి, నువ్వు చెప్పావా అన్నట్టు చూశాడు. కాదని తలూపాను. రంపానికి ఇటువైపు నుంచి, దుంగని వదలకుండా పట్టుకుని ఉండే, ఆ రోజు ఆయన అంతా చూశాడు.

వాడి గొంతు ఇందాకటి కేకతోనే అయిపోయినట్టుంది. పోయిందనో, పోలేదనో, ఏదో తలాడించాడు.

"ఏదీ, ఇట్లా రా" అని మా ఆయన ఎడమచేయి చాపాడు. "చూడనీ."